సద్దిమూటతో బయలుదేరే కణం

మా మేనత్తకి పదేళ్లుగా షుగర్. పరీక్ష రోజు దగ్గర పడితే చాలు, వారం ముందు నుంచి స్వీట్ల డబ్బా మూత తీయదు, రాత్రి అన్నం మానేసి రెండు పుల్కాలతో సరిపెడుతుంది, పొద్దున్నే గుడి దాకా నడిచొస్తుంది. పరగడుపున తీసే షుగర్ బుద్ధిగానే వస్తుంది. ఈసారి డాక్టరు 'మూడు నెలల షుగర్' కూడా రాశాడు. హెచ్‌బీఏ1సీ 8.4 శాతం వచ్చింది. సంక్రాంతి అరిసెల దగ్గర్నుంచి అన్నీ బయటపడ్డాయి.

"ఇవాళ తీసిన రక్తానికి ఎప్పుడో సంక్రాంతి సంగతి ఎలా గుర్తుందిరా?" అంది, కోపమూ ఆశ్చర్యమూ కలిపి.

రక్తంలోని చక్కెర హిమోగ్లోబిన్‌కి అంటుకుని ఉండిపోతుందని, దాన్నే లెక్కపెడతారని చెప్పాను. అది సగం జవాబే. చక్కెర ఒంట్లో ఏ ప్రోటీనుకైనా అంటుకుంటుంది. మామూలు కణమైతే అలా పాడైన ప్రోటీనును విరగ్గొట్టి, దాని బదులు కొత్తది చేసుకుంటుంది. ఎర్ర రక్తకణం ఆ పని ఎందుకు చేసుకోదు? అసలు ప్రశ్న ఇది. దీనికి జవాబు కావాలంటే కణం అనే ఇంటిని గదిగదికీ తిరిగి చూడాలి.

బడిలో అందరం ఆ బొమ్మ వేసినవాళ్లమే. చుట్టూ ఒక గీత, మధ్యలో కేంద్రకం, చిక్కుడు గింజల్లాంటి మైటోకాండ్రియా, మడతలు మడతలుగా అంతర్జీవద్రవ్యజాలం, దోసెలు పేర్చినట్టు గాల్జీ సంక్లిష్టం, చుక్కలు పెడితే రైబోసోములు. భాగాలు గుర్తిస్తే అయిదు మార్కులు. తమాషా ఏంటంటే, మన ఒంట్లోని కణాల్లో అత్యధిక శాతం ఆ బొమ్మలా ఉండవు. పెద్దవాళ్ల శరీరంలో సుమారు 30 లక్షల కోట్ల కణాలుంటాయని అంచనా. వాటిలో అయిదింట నాలుగుకు పైగా ఎర్ర రక్తకణాలే. వాటిలో కేంద్రకం లేదు. మైటోకాండ్రియా లేవు. రైబోసోములు, గాల్జీ, లైసోజోములు ఏవీ లేవు.

నా ఉద్దేశంలో కణాంగాల గురించి చెప్పడానికి ఇంతకన్నా మంచి పాఠం లేదు. ఇంట్లో ఎవరు ఏ పని చేస్తున్నారో వాళ్లు ఊరెళ్లినప్పుడే కదా తెలిసేది.

ఎర్ర కణం పుట్టేటప్పుడు ఇలా ఉండదు. ఎముక మూలుగలో మొదలయ్యే దాని తల్లికణానికి అన్ని గదులూ, అన్ని సామాన్లూ ఉంటాయి. రక్తంలో ఆక్సిజన్ తగ్గిందని మూత్రపిండాలు కనిపెట్టి ఎరిత్రోపొయెటిన్ అనే హార్మోను పంపుతాయి. దాని మాట మీద ఈ కణాలు విభజన చెందుతూ, సుమారు వారం రోజుల్లో హిమోగ్లోబిన్‌తో నిండిపోతాయి. మూలుగలో ఇవి ఒక మాక్రోఫేజ్ (చెత్తను మింగి శుభ్రం చేసే పెద్ద కణం) చుట్టూ, తల్లికోడి చుట్టూ పిల్లల్లా, గుంపుగా పెరుగుతాయి.

ఇక్కడ కేంద్రకం పని మొదట చూడాలి. దాన్ని 'కణానికి మెదడు' అంటారు. ఆ పోలిక నాకెప్పుడూ నచ్చలేదు. మెదడు తీసేస్తే మనిషి నిమిషాల్లో పోతాడు. కేంద్రకం పోయాక ఎర్ర కణం 120 రోజులు బతికి, పని కూడా చేస్తుంది. కేంద్రకంలో ఉన్నది డీఎన్‌ఏ, అంటే ఏ ప్రోటీను ఎలా చేయాలో రాసిపెట్టిన గ్రంథం. అందులోంచి కావలసిన పేజీకి నకలు తీసి ఆర్‌ఎన్‌ఏ రూపంలో బయటకి పంపుతారు. ఆ నకలు చదువుతూ వంట చేసేది రైబోసోము. ఎర్ర కణం ఎదిగేకొద్దీ మిగతా పేజీలన్నీ మూతపడి, గ్లోబిన్ (హిమోగ్లోబిన్‌లోని ప్రోటీను భాగం) తయారీ చెప్పే పేజీకి మాత్రం నకళ్ల మీద నకళ్లు వస్తాయి. చివరికి కేంద్రకం ముడుచుకుని, ఒక పక్కకి జరిగి, పల్చటి పొర చుట్టుకుని బయటికి వెళ్లిపోతుంది. పక్కనే కాచుకున్న మాక్రోఫేజ్ దాన్ని మింగేస్తుంది. మన ఎముకల్లో ఇది సెకనుకు 20 లక్షలకు పైగా జరుగుతోంది.

గ్రంథం పోయిన వెంటనే వంట ఆగిపోదు. నకళ్లు, రైబోసోములు ఇంకో రెండు మూడు రోజులు ఉంటాయి కాబట్టి హిమోగ్లోబిన్ తయారీ సాగుతూనే ఉంటుంది. ఈ దశలోనే కణం మూలుగ దాటి రక్తంలోకి వస్తుంది. ప్రత్యేకమైన రంగు వేసి చూస్తే మిగిలిన రైబోసోములు వల అల్లినట్టు కనిపిస్తాయి. అందుకే దానికి లాటిన్‌లో 'చిన్న వల' అనే అర్థం వచ్చేలా రెటిక్యులోసైట్ అని పేరు. రక్తహీనత ఉన్నవాళ్లకి డాక్టర్లు రెటిక్యులోసైట్ కౌంట్ రాసేది, మూలుగ కొత్త కణాల్ని ఎంత జోరుగా పంపుతోందో తెలుసుకోవడానికే.

విభజన జరగాలంటే ఆ గ్రంథాన్ని మొత్తంగా మళ్లీ రాయాలి. దానికి ఫోలిక్ ఆమ్లం, బీ12 విటమిన్ కావాలి. అవి చాలకపోతే కేంద్రకం పని మందగిస్తుంది, హిమోగ్లోబిన్ తయారీ మాత్రం ఆగదు. విభజన కావాల్సిన కణం కాకుండానే ఉబ్బి, పెద్ద సైజులో బయటికొస్తుంది. సీబీపీ అనే రక్తకణాల పరీక్ష రిపోర్టులో ఎంసీవీ, అంటే ఎర్ర కణం సగటు పరిమాణం, 100 దాటితే డాక్టరు మొదట అనుమానించే వాటిలో ఇదొకటి. 1930 ప్రాంతంలో బొంబాయి మిల్లు కార్మిక గర్భిణుల్లో ఇలాంటి రక్తహీనతను అధ్యయనం చేసిన బ్రిటిష్ వైద్యురాలు లూసీ విల్స్, ఈస్ట్ సారంతో అది నయమవుతోందని గమనించింది. ఆ సారంలో ఉన్నది ఫోలిక్ ఆమ్లమని తర్వాత తేలింది. దాన్ని 1945లో ప్రయోగశాలలో తయారు చేసిన లెడర్లీ కంపెనీ పరిశోధన విభాగానికి అధిపతి మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. ఆయన పేరు ఈ కథలో ఇంకోసారి వస్తుంది.

ఇక అంతర్జీవద్రవ్యజాలం, గాల్జీ. హిమోగ్లోబిన్ కణం లోపలే తిరుగుతుంది కాబట్టి దానికి వీటితో పనిలేదు. కణం పొర మీద కూర్చోవాల్సిన ప్రోటీన్ల దారి వేరు. అవి అంతర్జీవద్రవ్యజాలం మీద తయారై, గాల్జీ గుండా వెళుతూ చక్కెర గొలుసులు తగిలించుకుని పొర చేరతాయి. ఆ గొలుసు కొసన ఉన్న ఒకే ఒక చక్కెర తేడా వల్ల ఒకరిది ఏ గ్రూపు, ఇంకొకరిది బీ గ్రూపు అవుతుంది. ఆ కొస చక్కెర అసలే లేకపోతే ఓ. ఆ కొస కింద ఉండాల్సిన ఆధారమే లేని అరుదైన రకాన్ని 1952లో బొంబాయిలో గుర్తించారు. 'బాంబే గ్రూపు రక్తం కావాలి' అని వాట్సాప్‌లో తిరిగే విన్నపాలు ఆ రకం గురించే. జేబులో పెట్టుకునే బ్లడ్ గ్రూపు కార్డు మీద ఉన్నది, ఒకప్పుడు ఆ కణంలో ఉండి వెళ్లిపోయిన గాల్జీ వేసిన ముద్ర అన్నమాట.

మైటోకాండ్రియాను పొరల్లో చుట్టి లైసోజోములకు అప్పగిస్తారు. లైసోజోము అంటే జీర్ణరసాలు నింపుకున్న సంచి, పనికిరాని సామాన్లను కరిగించి విడి భాగాలు చేస్తుంది. ఆ పని అయ్యాక లైసోజోములూ ఉండవు. ఇల్లు ఊడ్చిన చీపురు కూడా బయటికే.

చివరికి మిగిలేది ఒక పొర, దాని అడుగున ఒక వల, కొన్ని ఎంజైములు, సుమారు 27 కోట్ల హిమోగ్లోబిన్ అణువులు. ఒక్కో అణువు నాలుగు ఆక్సిజన్ అణువుల్ని మోస్తుంది. వంటగది వదిలేసి, సద్దిమూట మాత్రం కట్టుకుని దూరప్రయాణానికి బయలుదేరిన మనిషిలా ఉంటుంది ఈ కణం. మూటలో ఉన్నదే తినాలి, చిరిగితే కుట్టుకోవడానికి సూదీదారం లేదు.

తినడం అనగానే మైటోకాండ్రియా సంగతి వస్తుంది. పాఠ్యపుస్తకం వాటిని కణ శక్త్యాగారాలంటుంది. అవి ఆక్సిజన్ వాడి ఆహారాన్ని నెమ్మదిగా మండించి, ఆ శక్తితో ఏటీపీ అనే పదార్థాన్ని తయారు చేస్తాయి. కణంలో ఏ పనికైనా ఏటీపీ చిల్లర నాణెంలా చెల్లుతుంది. 1929లో ఈ ఏటీపీని కండరంలో గుర్తించినవాళ్లలో హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కేతో కలిసి పనిచేసిన సుబ్బారావు ఒకరు. అదే ఏడాది జర్మనీలో కార్ల్ లోమన్ విడిగా కనిపెట్టాడు. అంతకు రెండేళ్ల ముందు కండరంలోనే ఫాస్ఫోక్రియాటిన్‌ను బయటపెట్టిందీ ఫిస్కే, సుబ్బారావులే. మనవాడని గొప్ప చెప్పుకునే చోట్ల ఏదో మందు కనిపెట్టాడని సరిపెట్టేస్తాం గానీ, ప్రతి కణంలోనూ నడిచే ఆ నాణేన్ని మొదట చూసిన కళ్లలో ఆయనవీ ఉన్నాయన్నది నాకు ఎక్కువ ముచ్చటగా అనిపిస్తుంది.

మైటోకాండ్రియా ఉన్న కణం ఒక్క గ్లూకోజు అణువు నుంచి సుమారు 30 ఏటీపీలు రాబడుతుంది. ఎర్ర కణానికి దక్కేవి రెండే. ఆక్సిజన్ అవసరం లేని తొలి మెట్టు దగ్గరే అది ఆగిపోతుంది. మిగిలిన లాక్టిక్ ఆమ్లాన్ని రక్తంలోకి వదిలేస్తే, కాలేయం దాన్ని మళ్లీ గ్లూకోజు చేస్తుంది. ఒళ్లంతా ఆక్సిజన్ పంచే కణం, తాను మాత్రం దాంట్లోంచి చిటికెడు కూడా ముట్టదు.

ఆ రెండు ఏటీపీలూ ఎక్కడికి పోతాయంటే, చాలావరకు నీళ్లు తోడినట్టు లవణాలు తోడటానికి. పొరలోని పంపు ఒక ఏటీపీ ఖర్చు చేసి మూడు సోడియం అయాన్లను బయటికి నెట్టి, రెండు పొటాషియం అయాన్లను లోపలికి లాగుతుంది. ఆ పంపు ఆగితే లోపల సోడియం చేరుతుంది, దాని వెంట నీళ్లొస్తాయి, కణం ఉబ్బి పగులుతుంది. బ్లడ్ బ్యాంకులో రక్తాన్ని 2 నుంచి 6 డిగ్రీల చలిలో ఉంచి, సంచిలో గ్లూకోజు, అడెనిన్ కలిపేది ఈ కొద్దిపాటి ఏటీపీని నిలబెట్టడానికే. అంత చేసినా వాడిన ద్రావణాన్ని బట్టి 35 లేదా 42 రోజులే గడువు.

ఇన్ని వదులుకోవడం ఎందుకు? హిమోగ్లోబిన్‌కి చోటు కోసమని, మోసే ఆక్సిజన్‌ని తానే తినెయ్యకుండా ఉండటానికని పుస్తకాలు చెబుతాయి. సబబుగానే ఉంది గానీ, పక్షుల్ని చూస్తే అనుమానం వస్తుంది. కోడి ఎర్ర కణంలో కేంద్రకం ఉంటుంది, కప్పకీ చేపకీ కూడా ఉంటుంది. హిమాలయాల మీదుగా ఎగిరి మన దేశానికి శీతాకాలం గడపడానికొచ్చే పట్టీతల బాతులు కేంద్రకాలున్న ఎర్ర కణాలతోనే అంత పల్చటి గాలిలో రెక్కలాడిస్తాయి. కాబట్టి కేంద్రకం ఉంటే పని జరగదనడం సరికాదు. పాలిచ్చే జంతువులు మాత్రం ఇంకో దారి పట్టాయి. చిన్నగా, మెత్తగా, ఎటు వంచితే అటు వంగే కణం వాటికి దొరికింది.

ఆ మెత్తదనం పొరది, దాని కింది వలది. ఎర్ర కణం అడ్డుకొలత 7 నుంచి 8 మైక్రాన్లు. అది దూరాల్సిన రక్తకేశనాళికల్లో కొన్ని అందులో సగమే ఉంటాయి. నిండా ఊదిన బుడగను సందులోంచి దూర్చలేం, కొంత గాలి తీసేస్తే ఎలాగైనా నొక్కి దూర్చవచ్చు. ఎర్ర కణం నడుమ నొక్కుపడిన గారెలా ఉండటంలో కిటుకు అదే. లోపలి సరుకుకు అవసరమైన దానికన్నా పొర ఎక్కువుంది. స్పెక్ట్రిన్ అనే పొడవాటి ప్రోటీన్లతో అల్లిన వల ఆ పొరను లోపలి నుంచి పట్టి, వంగాక మళ్లీ పాత ఆకారానికి తెస్తుంది. పుట్టుకతో ఆ వలలో లోపం ఉన్నవాళ్ల కణాలు గుండ్రటి బంతులై, రక్తాన్ని వడగట్టే ప్లీహం సందుల్లో చిక్కుకుని ముందే రాలిపోతాయి.

అసలు కణం పొర ఎలా కట్టి ఉంటుందో మనకి తెలిసింది కూడా ఈ కణం ఖాళీగా ఉండబట్టే. 1925లో నెదర్లాండ్స్‌లోని లైడెన్‌లో గోర్టర్, గ్రెండెల్ అనే ఇద్దరు ఎర్ర కణాల్లోని కొవ్వు పదార్థాన్ని తీసి నీటి మీద ఒకే అణువు మందంతో పరిచారు. అది కణాల ఉపరితలానికి రెట్టింపు చోటు ఆక్రమించింది. అంటే పొర రెండు వరుసలుగా ఉందన్నమాట, నీళ్లంటే ఇష్టమున్న తలలు బయటికి, నూనె తోకలు లోపలికి. వేరే కణంతో ఈ లెక్క కుదిరేది కాదు, లోపలి కణాంగాల పొరలన్నీ కలిసిపోయి గందరగోళం చేసేవి. వాళ్లు కొవ్వును పూర్తిగా తీయలేకపోయారు, కణం ఉపరితలాన్నీ తక్కువగా లెక్కగట్టారు. ఆ రెండు తప్పులు ఒకదాన్నొకటి కొట్టేసుకుని సరైన జవాబు వచ్చింది. చాలా ఏళ్లకు, అమెరికా శాస్త్రవేత్త పీటర్ ఆగ్రే ఎర్ర కణం పొరలోనే, బ్లడ్ గ్రూపు పాజిటివో నెగెటివో తేల్చే ఆర్‌హెచ్ ప్రోటీను కోసం వెతుకుతుంటే పిలవని పేరంటంలా ఒక ప్రోటీను పదేపదే వచ్చి పడింది. అది నీళ్లకి మాత్రమే తలుపు తీసే ఆక్వాపొరిన్ అని 1992లో తేల్చాడు. 2003లో రసాయనశాస్త్ర నోబెల్ వచ్చింది.

ఖాళీ ఇంటికి దొంగల భయం ఒక రకంగా తక్కువ, ఒక రకంగా ఎక్కువ. వైరస్‌కి తన నకళ్లు చేయించుకోవడానికి ఇతరుల రైబోసోములు కావాలి. ఎర్ర కణంలో దూరినా దానికి దండగే. మలేరియా పరాన్నజీవికి ఈ ఇల్లే నచ్చింది. మామూలు కణం తన లోపల తయారయ్యే ప్రోటీన్ల ముక్కల్ని పొర మీదికి తెచ్చి చూపిస్తూ ఉంటుంది, అందులో పరాయిది కనిపిస్తే కాపలా తిరిగే టీ కణాలు ఆ కణాన్ని చంపేస్తాయి. ఎర్ర కణం దగ్గర అలా చూపించే ఏర్పాటు లేదు. లోపల దొంగ ఉన్నా బయటికి కబురు పోదు. కాకపోతే దొంగకీ ఒక ఇబ్బంది ఉంది. ఇంట్లో సామాన్లు లేవు కాబట్టి అన్నీ తానే తెచ్చుకోవాలి. ఈ పరాన్నజీవుల్లో ఫాల్సిపారం అనే రకం తన ప్రోటీన్లను పొర దాకా మోయడానికి ఎర్ర కణం లోపల సొంతంగా పొరల సంచులు కట్టుకుంటుంది. అలా పంపిన ప్రోటీన్లతో కణాన్ని రక్తనాళం గోడకు అతికిస్తుంది, ప్లీహానికి దొరక్కుండా. రెండు రోజుల్లో హిమోగ్లోబిన్‌లో చాలా భాగం తినేసి, కణాన్ని పగలగొట్టుకుని పదులకొద్దీ పిల్లలతో బయటపడుతుంది. 1897 ఆగస్టు 20న సికింద్రాబాద్‌లో రొనాల్డ్ రాస్ దోమ పొట్టలో చూసింది ఈ పరాన్నజీవి జీవితంలోని ఇంకో మజిలీని.

మలేరియా మందు ప్రిమాక్విన్ ఇచ్చే ముందు జీ6పీడీ పరీక్ష చేయించమనడానికి కారణం కూడా ఆ సద్దిమూటే. ఆక్సిజన్ మోసే కణానికి లోపలి నుంచే తుప్పు పట్టినట్టు దెబ్బ తగులుతూ ఉంటుంది. ఆ దెబ్బను కాచుకోవడానికి మిగతా కణాలకు రెండు మూడు దారులున్నాయి, ఎర్ర కణానికి జీ6పీడీ అనే ఎంజైము నడిపే దారి ఒక్కటే. పుట్టుకతో ఆ ఎంజైము బలహీనంగా ఉన్నవాళ్లలో కణం వయసు పెరిగేకొద్దీ మూటలోది అయిపోతుంది, కొత్తది చేయడానికి రైబోసోము లేదు. ఆ మందు పడగానే కణాలు గుంపులుగా పగిలి, మూత్రం ముదురు రంగులో వస్తుంది.

ఏ జబ్బూ లేకపోయినా 120 రోజులయ్యేసరికి పొర గట్టిపడుతుంది, వల సడలుతుంది. ప్లీహంలో, కాలేయంలో ఉన్న మాక్రోఫేజ్‌లు అలాంటి వాటిని ఏరి మింగుతాయి. పుట్టినప్పుడు కేంద్రకాన్ని మింగినవాళ్ల జాతే చివరికి కణాన్నీ మింగుతుంది. ఇనుమును మాత్రం పారేయరు. రోజుకు 20 నుంచి 25 మిల్లీగ్రాముల ఇనుము ఇలా తిరిగి మూలుగకు చేరుతుంది, మనం తిండి నుంచి పీల్చుకునేది ఒకటి రెండు మిల్లీగ్రాములే. హిమోగ్లోబిన్‌లో ఇనుమును పట్టుకుని ఉండే హీమ్‌లో మిగిలిన భాగం మొదట ఆకుపచ్చగా, తర్వాత పసుపుగా మారుతుంది. దెబ్బ తగిలి కమిలిన చోట రంగులు మారడంలో ఈ వరుసంతా మనకు కనిపిస్తుంది. ఆ పసుపు పదార్థమే బిలిరుబిన్, కామెర్లలో కళ్లకెక్కేది.

ఇప్పుడు మేనత్త ప్రశ్న. గ్లూకోజు ఎర్ర కణంలోకి ఇన్సులిన్ అనుమతి లేకుండానే వెళుతుంది. రక్తంలో ఎంత ఉంటే లోపలా ఇంచుమించు అంతే. హిమోగ్లోబిన్ గొలుసు కొసకి అది నెమ్మదిగా అతుక్కుంటుంది. గ్రంథం లేదు, వంటవాడు లేడు, కరిగించే సంచి లేదు కాబట్టి అంటుకున్నది కణం పోయేదాకా అలాగే ఉంటుంది. రక్తంలో ఏ రోజు చూసినా నిన్న పుట్టిన కణాలూ, నాలుగు నెలల నాటివీ కలిసే ఉంటాయి. అందుకే అది ఉజ్జాయింపుగా మూడు నెలల లెక్క. అందులోనూ ఇటీవలి నెల వాటా దాదాపు సగం. వారం ఉపవాసంతో కొంచెం కదులుతుంది గానీ సంక్రాంతి చెరిగిపోదు.

కణం ఆయుష్షు మారితే ఈ లెక్క తప్పుతుందన్నది మాత్రం గుర్తుంచుకోవాలి. ఏజెన్సీ ప్రాంతాల్లో ఎక్కువగా కనిపించే సికిల్ సెల్ జబ్బులో కణాలు త్వరగా రాలిపోతాయి, వాటికి చక్కెర అంటుకునే వ్యవధే ఉండదు, ఏ1సీ ఉన్నదానికన్నా తక్కువ చూపిస్తుంది. ఈమధ్యే రక్తం ఎక్కించుకున్నా, బాగా రక్తం పోయినా అంతే. ఇనుము లోపంలో తిరగబడి, ఉన్నదానికన్నా ఎక్కువ చూపించవచ్చు. మన ఆడవాళ్లలో సగానికి పైగా రక్తహీనత ఉన్నవాళ్లే కాబట్టి, ఏ1సీ ఒక్కటే పట్టుకుని తీర్పు చెప్పకుండా పక్కన సీబీపీ కూడా చూడాలి. మేనత్తకి హిమోగ్లోబిన్ 12.8 ఉంది. కాబట్టి అరిసెల నేరం ఆవిడ మీద అలాగే ఉంది.

ఇదంతా విని ఆవిడ, "అంటే ఒంట్లో ఇంకేదీ ఇలా పాతది మోసుకు తిరగదా?" అంది. తిరుగుతుంది, కంట్లోనే. కంటి కటకంలోని కణాలూ వెలుగుకు అడ్డు రాకుండా కేంద్రకాన్ని, మైటోకాండ్రియాను వదిలేసి ప్రోటీన్లు మాత్రం నింపుకుంటాయి. వాటిని మింగే మాక్రోఫేజ్‌లు అక్కడ లేవు, కాబట్టి 120 రోజుల గడువూ లేదు. ఆ ప్రోటీన్లు దశాబ్దాల తరబడి దెబ్బలు తింటూ ముద్దకట్టి తెల్లబడితే అదే శుక్లం. షుగర్ ఉంటే ఇంకా ముందుగా వస్తుంది. కటకం నడిమధ్యన ఉన్నవి అన్నిటికన్నా పాతవి. మా మేనత్త పుట్టకముందు, ఆవిడ మా నాయనమ్మ కడుపులో ఉన్నప్పుడు తయారైనవి. పోయినేడాది శుక్లం ఆపరేషన్‌లో తీసేసే దాకా ఆవిడ వాటిలోంచే చూసింది.